చేనేతకు అండ: పోస్టు కన్నా ముందు పని

ప్రశ్న: మాది చీరల దుకాణం. ఏటా చేనేత దినోత్సవానికి ఇన్‌స్టాగ్రామ్‌లో శుభాకాంక్షలు పెడతాం. ‘మీ షాపులో ఉన్నవన్నీ మరమగ్గం చీరలేగా?’ అని ఈసారి ఒకరు కామెంట్ పెట్టారు. మా మాట నమ్మేలా చేయడం ఎలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ కామెంట్ తీసేయకండమ్మా. ‘మా దగ్గర రెండూ ఉన్నాయి, ఇకపై విడిగా చూపిస్తాం’ అని నిజాయతీగా జవాబివ్వండి.

1905 ఆగస్టు 7న మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నాం. కొనే బట్ట ఎవరు నేశారో పట్టించుకోవాలన్నదే దాని సారం. అందుకే ముందు దుకాణం సరిచేసుకోండి. చేనేత చీరలకు వేరే అర కేటాయించండి, బిల్లుపైనా ‘చేనేత’ అని రాయండి. చేనేత అని ధ్రువీకరించే హ్యాండ్‌లూమ్ మార్క్ ఉన్న సరుకు అడిగి తెప్పించండి. భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్, ఉప్పాడ జాందానీ పేర్లను అచ్చు నకళ్లకు తగిలించకండి. నేతవారి బాకీలు వెంటనే తీర్చండి.

ఆ తర్వాతే పోస్టు. నేసినవారి అనుమతితో వారి ఫొటో పెట్టి, ఆ చీరకు ఎన్ని రోజులు పట్టిందో, మజూరీ ఎంత ఇచ్చారో చెప్పండి. ‘ఒక్కో షేరుకు పది రూపాయల విరాళం’ లాంటి ప్రకటనలు వద్దు. విరాళం ఇస్తే ఎంత, ఏ సహకార సంఘానికి, ఎప్పటిలోగా అన్నది ముందే ప్రకటించండి, ఇచ్చాక రసీదు చూపండి.

ఆగస్టులో ఒక్కరోజు పొగడ్త కన్నా, ఏడాది పొడవునా ఇచ్చే ఆర్డరే మగ్గాన్ని నిలబెడుతుంది.