మన మాట రాశారా?

బెంగళూరు నుంచి చెన్నైకి ఒక కొత్త రోడ్డు. పొడవు సుమారు 262 కిలోమీటర్లు. అది మన చిత్తూరు జిల్లా మీదుగా పోతుంది. పలమనేరు పక్క నుంచి గుడిపాల దాకా చేలు, మామిడి తోటలు, వంకలు దాటుకుని పోతుంది. 2022 మే నెలలో ఈ రోడ్డుకు శంకుస్థాపన చేశారు.

ఇంత పెద్ద పని మొదలుపెట్టే ముందు ప్రభుత్వం ఒక సంగతి చూడాల. ఈ పని వల్ల నీళ్ళకు, చెట్లకు, పశువులకు, మనుషులకు ఏమవుతుంది? ముందే చూసి రాయడాన్ని పర్యావరణ ప్రభావ అంచనా అంటారు. పేరు పెద్దది. సంగతి మనకు తెలిసిందే. ఇల్లు కట్టే ముందు వాన నీళ్ళు ఏ పక్కకు పారతాయో చూసుకోమా? అట్లాంటిదే.

1994లో ఈ నియమం వచ్చింది. ప్రజలను కూడా అడగాలని 1997లో చేర్చారు. 2006లో నియమాలను మళ్ళీ కొత్తగా రాశారు. ప్రజల సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాల. నివేదికను పొట్టిగా తెలుగులో కూడా రాసి ఇవ్వాల. 2020లో ఈ నియమాలనే మార్చబోయారు. ఆ కాగితం ఇంగ్లీషులో, హిందీలో వచ్చింది. మిగతా భాషల్లోకి కూడా మార్చమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఒక పల్లె అనుకుందాం. ఊరి పక్కనే ఇట్లాంటి రోడ్డు వస్తుంది. కోడలు పంచాయతీ ఆఫీసులో కూచుని, కూడబలుక్కుని నివేదిక చదువుతోంది. పక్కన అత్త.

"ఏమ్మే, ఏం రాసుండారు ఆడ?"

"చెరువులకు పెద్దగా నష్టం లేదని రాసుండారు అత్తా."

"మన చెరువుకు నీళ్ళు తెచ్చే వంక సంగతి?"

కోడలు కాగితాలు వెనక్కి తిప్పింది. మళ్ళీ చదివింది. వంక మాటే లేదు.

"వంకకు అడ్డంగా కట్ట పోస్తే చెరువు నిండేదెట్ల? చెరువు నిండకపోతే బావిలో నీళ్ళు యాడివి?" అంది అత్త.

ఈ నివేదికను రోడ్డు వేసేవాళ్ళే డబ్బిచ్చి రాయిస్తారు. కాబట్టి జాగ్రత్తగా చదవాల. రాసేవాళ్ళు బయటి నుంచి వస్తారు. ఎండాకాలంలో వస్తే వంకలో ఇసుకే కనిపిస్తుంది. వానాకాలంలో అది ఎట్లా పారుతుందో అత్తకు తెలుసు. పలమనేరు పక్క కౌండిన్య అడవిలో ఏనుగులు తిరుగుతాయి. వాటి దారికి అడ్డం వస్తే అవి ఎవరి చేలో పడతాయి? అదీ ఆ ఊరి వాళ్ళకే తెలుసు.

సభకు కలెక్టరు గానీ, ఆయన తరఫున పెద్ద ఆఫీసరు గానీ వస్తారు. అక్కడ బతికే వాళ్ళు ఎవరైనా మాట్లాడొచ్చు. పట్టా ఉండాల్సిన పని లేదు. నోటితో చెప్పలేకపోతే రాసి ఇవ్వొచ్చు. ఇది ఓట్ల లెక్క కాదు. కొందరు కోపంతో కేకలేసి వచ్చేస్తారు. కోపం న్యాయమే, కానీ కేకలు కాగితం ఎక్కవు. భూమికి పరిహారం వేరే సంగతి, దానికి వేరే చట్టం ఉంది.

అత్త లేచింది. పేరు, ఊరు చెప్పింది.

"సారూ, ఆ వంక ఎండాకాలం ఎండుతుంది. వాన పడితే నడుము లోతు పారుతుంది. మా చెరువుకు అదే ఆధారం. రోడ్డు కింద నీళ్ళు పోయే దారి పెట్టండి."

సభ చివర, అందరూ చెప్పింది తెలుగులో చదివి వినిపించాల. ఇది నియమం. చాలామంది అంతకుముందే ఇంటికి పోతారు. అత్తాకోడళ్ళు పోలేదు.

"నీటి సమస్య గురించి గ్రామస్తులు అడిగారు" అని చదివారు.

కోడలు లేచింది. "సార్, వంక సంగతి రాయలేదు. రోడ్డు కింద దారి అడిగింది రాయలేదు."

ఆఫీసరు రాయించారు. మళ్ళీ చదివించారు. అత్త తలాడించింది.

ఈ కాగితమే పై కమిటీకి పోతుంది. ఆ కమిటీ వాళ్ళు ఊరికి రావచ్చు, రాకపోవచ్చు. రోడ్డుకు అనుమతి ఇస్తే షరతులు పెడతారు. కల్వర్టు కట్టాలని షరతు ఉంటే, కట్టనప్పుడు అడగడానికి ఒక కాగితం ఉంటుంది.

మీరు రాయండి:

మా చెరువు పేరు ................

దానికి నీళ్ళు వచ్చే దారి ................