వరద తీసిన పిమ్మట గృహప్రవేశము

వరద వచ్చునపుడు ప్రాణభయముచే పారిపోవుట యెల్లరు నెరుగుదురు. అది తీసిన పిమ్మట నెట్లు తిరిగి రావలయునో యెరిగినవారు కొందరే. నీరు పోయినంతమాత్రమున నపాయము పోదు. దీనిని మనకు బుడమేరు నేర్పినది.

బుడమేరు మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియును. దాని వరదను కృష్ణకు మరల్చుటకై వెలగలేరు నుండి యొక కాలువ కలదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల కుంభవృష్టికి మన కొండపల్లి శాంతినగరు దరిని ఆ కాలువ కట్టకు మూడు గండ్లు పడినవి. విజయవాడలో సింగ్‌నగరు మొదలగు పేటలు మునిగెను. అదే సమయమున ప్రకాశము బ్యారేజి కడ కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించెను. సైనికుల సాయముతో సెప్టెంబరు 7న గండ్లు పూడ్చుట ముగిసినది. ఇండ్లలోని బురదను కడుగుటకు అగ్నిమాపక శకటములు రావలసివచ్చెను.

ఇట్టి యింటిని మరల ప్రవేశించువారు గమనింపవలసిన సంగతు లివి.

మొదట, అధికారులు రావచ్చునని చెప్పిన పిమ్మట, పగటివేళనే రావలయును. చీకటిలో గుంతయు, తెగిన తీగయు కానరావు. వెలుపలనే నిలిచి గోడలను పరికింపవలయును. నానిన మట్టిగోడ నీటిలో నిలిచియుండి, ఆరునపుడు కూలుట కలదు. పగుళ్లున్నను, ఒరిగియున్నను లోని కేగరాదు.

తడిసిన స్విచ్చిని తాకరాదు. నీటిలో నిలిచి మెయిను కట్టబోవరాదు, విద్యుచ్ఛాఖవారిని పిలువవలయును. గ్యాసు వాసన వచ్చిన యెడల అగ్గిపుల్ల గీయక, దీపము వెలిగింపక, తలుపులు తెరచి వెలుపలికి రావలయును.

మునిగిన పొలములనుండి పాములు మెట్టకు, ఇండ్లకు చేరును. పెట్టెలను, పరుపులను కర్రతో కదల్చిన పిమ్మటనే చేయి పెట్టవలయును. కరచినచో గాటు కోయక, కట్టు బిగింపక, కదలనీయక శీఘ్రముగ ఆసుపత్రికి కొనిపోవలయును.

వరదనీరు సోకిన ధాన్యమును, వండిన పదార్థములను పారవేయవలయును. నష్టమని దాచినచో రోగమే లాభము. త్రాగునీటిని మరగ కాచవలయును. బావికి సాధారణముగ వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగుపొడి చాలును. వరద సోకిన బావికి నీరు తోడించి, ఆరోగ్యశాఖవారు చెప్పు హెచ్చు మోతాదు వేయవలయును. ఆ పొడిని ఆసిడ్‌తో కలిపినచో విషవాయువు పుట్టును.

కాళ్లకు బూట్లు లేక బురద నెత్తరాదు. పుండ్లగుండ లెప్టోస్పైరోసిస్ అను ఎలుకజ్వరము సోకును. గాయమైనచో ధనుర్వాతపు సూది వేయించుకొనవలయును. విరేచనములు పట్టినచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి మాటిమాటికి త్రాగింపవలయును.

విద్యార్థులారా! ఇంటిపై మమకారముచే పెద్దలు తొందరపడుదురు. పుస్తకములు, పట్టాలు తడిసి పాడగునని తల్లడిల్లుదురు. అట్టి సమయమున ఈ మాటలను వారికి మెల్లగ జ్ఞాపకము చేయుడు. పొణికికర్రను ఆరనిచ్చి పిమ్మట బొమ్మ చెక్కు పనివారి యూరు మనది. అటులే యింటినిగూడ ఎండనిచ్చి, శుద్ధి చేసి, పరీక్షించి పిమ్మట వసింతము. పోయిన సామగ్రి మరల సంపాదింపవచ్చును, ప్రాణమును సంపాదింపజాలము.