తలపై మృదుస్పర్శ – పసిబిడ్డ మాడు

తలకు నూనె పట్టించుటను ఆయుర్వేదము మూర్ధతైలమని పేర్కొన్నది. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయములో దీనిని అభ్యంగము, సేకము, పిచువు, వస్తి అని నాలుగు విధములుగా విభజించినాడు. మన ఇండ్లలో జరుగునది మొదటిదైన అభ్యంగము మాత్రమే.

దీనికి దగ్గరగా తోచు పాశ్చాత్య పద్ధతి ఒకటి కలదు. దాని పేరు క్రేనియోసేక్రల్ థెరపీ. అమెరికా ఆస్టియోపతి వైద్యుడు విలియం సదర్లాండ్ కపాలపు ఎముకల అతుకులలో స్వల్ప చలనమున్నదని భావించి 1939లో ఒక గ్రంథము ప్రకటించినాడు. 1970ల తరువాత జాన్ అప్లెడ్జర్ ఆ భావమును విస్తరింపజేసినాడు. రోగి దుస్తులతోనే వెల్లకిల పండుకొనును. చికిత్సకుడు తల క్రింద, నడుము దిగువనున్న త్రికాస్థి క్రింద అరచేతులుంచి, దాదాపు 5 గ్రాముల బరువుకు మించని స్పర్శతో, మెదడు వెన్నుపాముల చుట్టునున్న ద్రవపు లయను గుర్తింతునని చెప్పును. రెండు రూపాయల నాణెము బరువు ఇంచుమించు అంతే! కాని ఒకే రోగిని పరీక్షించిన చికిత్సకుల లెక్కలు పరస్పరము పొసగలేదు. పెద్దల కపాలమును చేతితో సవరింపవచ్చుననుటకు తగిన ఆధారము లేదు. ఆ చికిత్సలో కలుగు హాయి నిశ్శబ్దము వలన, నెమ్మదియైన స్పర్శ వలన కలుగునని నా అభిప్రాయము. ఆ హాయి ఇంటిలోనే లభించును.

పెద్దలకు గోరువెచ్చని నువ్వులనూనె చాలును. వ్రేళ్ల కొనలతో నుదుటి నుండి మెడ వెనుకకు పది పదిహేను నిమిషములు మెల్లగా రాయవలెను. జ్వరము, అజీర్ణము, జలుబు ఉన్ననాడు మానవలెను.

పసిబిడ్డల సంగతి వేరు. మా ఆత్మకూరు ప్రాంతములో అవ్వలు బిడ్డ మాడుకు ఆముదము పెట్టుట, తల గుండ్రముగా రావలెనని అరచేతులతో అదుముట నేనెరుగుదును. నూనె చల్లగా అద్దినంత వరకు భయము లేదు. అదుముట మాత్రము తగదు. కపాలపు అతుకులను సీమంతములనియు, నడినెత్తిని అధిపతి యనియు సుశ్రుతుడు మర్మములలో చేర్చినాడు. అధిపతికి దెబ్బ తగిలిన ప్రాణహాని యని కూడ హెచ్చరించినాడు. ముందరి మాడు సాధారణముగా ఏడాది మొదలు ఏడాదిన్నర లోపల పూడును. అంతవరకు అది కొట్టుకొనుచున్నట్లు కనబడుట సహజమే.

ఇక మాడు గుంటపడుట. ఎండాకాలములో ఈ మాట ఊరిలో తరచుగా వినబడును. వెంటనే ఆముదము మాడున నింపి ఊరకుందురు. విరేచనములు, వాంతుల వలన ఒంటిలో నీరు తగ్గినందున మాడు లోనికి పోవును. పైనుండి పెట్టిన నూనె ఆ నీటిని పూరింపజాలదు. తల్లిపాలు మానక మాటిమాటికి ఇయ్యవలెను. ఓఆర్ఎస్ పొట్లమును దానిపై వ్రాసినంత కొలత నీటిలోనే కలిపి చెంచాతో కొంచెము కొంచెముగా పట్టవలెను. ఆరునెలలు నిండని బిడ్డ యైనను, మగతగా నున్నను, ఆరు గంటలుగా మూత్రము పోకున్నను, కన్నులు లోతుకు పోయినను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. ఏడ్వని వేళ కూడ మాడు ఉబ్బి బిగిసి, జ్వరమున్నచో మరింత తొందరపడవలెను. అది మెదడు పొరల వాపు కావచ్చును. అట్టి బిడ్డకు ఏ నూనెయు, ఏ మర్దనయు తగవు.