చట్టము తెరచిన తలుపు

పాఠ్యభాగము: 1 కొరింథీయులకు 6:12

ప్రియులారా, మన తెలుగువారు అనేకులు కాపురముండు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమందు, 2022 ఏప్రిల్ 21 నుండి 21 ఏండ్లు నిండినవారికి గంజాయిని దుకాణములలో బహిరంగముగా అమ్ముచున్నారు. అది మందుగా కాదు, వినోదము కొరకే. మన దేశములోనో, 1985 నాటి చట్టము ప్రకారము గంజాయి అమ్ముట నేరము. అక్కడ ఒప్పు, ఇక్కడ తప్పు. మరి విశ్వాసి దేనినిబట్టి నడుచుకొనవలెను?

మన నెల్లూరు జిల్లా సంగతినే జ్ఞాపకము చేసికొందము. ఒకప్పుడు సారా అమ్మకము చట్టసమ్మతమే. ప్రభుత్వమే వేలము వేసెడిది. రాత్రిబడిలో అక్షరములు నేర్చిన దూబగుంట స్త్రీలు, రోశమ్మ మొదలగువారు, దానికి ఎదురు నిలిచిరి. 1992లో ఆ ఉద్యమము జిల్లా అంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది తొలగెను.

చూచితిరా? చట్టము తలుపు వంటిది. ఒకప్పుడు మూయబడును, ఒకప్పుడు తెరువబడును. రేవు పట్టణమైన కొరింథులోనివారికి పౌలు నేర్పినది ఇదే: స్వేచ్ఛ యున్నంత మాత్రమున ప్రతిదియు మేలు చేయదు, మనము దేనికిని దాసులము కాకూడదు.

చేపలమ్మిన సొమ్ము ఇంటికి వచ్చునో, దుకాణమునకు పోవునో అని మైపాడులో ఎదురుచూచు తల్లికి చట్టము జవాబు చెప్పదు. ఆ జవాబు మనమే చెప్పవలెను. రేపు మన యొద్దను గంజాయి తలుపు తెరచినను, మన గుమ్మము మన చేతిలోనే యున్నది.

ఆలోచించుడి: చట్టము ఒప్పుకొనినను మనము మానవలసినది ఏది? ఈ వారము ఎవని చేయి పట్టుకొని ఇంటికి నడిపింతుము?