తొలకరి సలహాలు: నీడపట్టున రాపిస్ పామ్

రోహిణి ఎండలు తగ్గి, మృగశిర కార్తెలో నాలుగు వానలు పడ్డాయంటే కుండీ మొక్కల పిలకలు విడదీయడానికి అదను వచ్చినట్టే. కడియం, కడియపులంక నర్సరీల్లో షేడ్‌నెట్ కింద ముదురాకుపచ్చ గుబుర్లుగా పెరిగే రాపిస్ పామ్‌కూ ఇదే సరైన కాలం. కొందరు దీన్ని లేడీ పామ్ అంటారు. పక్క వరుసలోని అరెకా పామ్ విత్తనం నుంచి సులువుగా లేచి చకచకా అమ్మకానికి వస్తుంది. రాపిస్ కాండం మాత్రం ఏడాదికి అడుగు ఎదిగితే గొప్పే. దీనికి ధర తెచ్చేది ఆ నిదానమే. ఓపిక పట్టలేక నీరు, ఎరువు పెంచి, కాస్త ఎండ కూడా చూపించి మొక్కను పాడుచేసుకునేవాళ్లకు కొదవ లేదు.

దక్షిణ చైనా, ఉత్తర వియత్నాం ప్రాంతాల నుంచి వచ్చిన మొక్క ఇది. ఎడో కాలం నాటికే జపాన్ చేరింది. 1775-76లో అక్కడ గడిపిన స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు థన్‌బర్గ్ 1784లో వెలువడిన తన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. ఆకులపై తెలుపు, పసుపు చారలున్న పొట్టి రకాలను జపాన్ వాళ్లు చిన్న కుండీల్లో తరతరాలుగా పిలకల ద్వారానే కాపాడుకుంటూ వచ్చారు. ఎడారి ఎండను తట్టుకునే ఈత, ఖర్జూరాల కుటుంబమే అయినా దీని తీరు వేరు.

నీడ ఎంత?

నర్సరీలో 70 నుంచి 75 శాతం షేడ్‌నెట్ సరిపోతుంది. ఇంటి దగ్గరైతే ఉత్తరపు వరండా, ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు వైపు, మామిడి చెట్టు కింద చోటు అనుకూలం. ఎండ ఎక్కువైతే ఆకు మొదట పసుపు తిరిగి, తర్వాత కొసల నుంచి మాడుతుంది. చెట్టు కింద నేలలో నాటేటప్పుడు ఒక సంగతి గమనించాలి. మామిడి వేర్లు పైపొరలోని తేమనంతా లాగేస్తాయి. అలాంటి చోట కుండీతోనే పెట్టడం మేలు.

మిగతా పనులన్నీ నీడను బట్టే నడుస్తాయి. వెలుతురు తగ్గేకొద్దీ మొక్క తాగే నీరు, తీసుకునే ఎరువు తగ్గుతాయి. షేడ్‌నెట్ కింద మొక్కకు ఇచ్చినంత నీరే హాల్లో ఉన్న మొక్కకూ ఇస్తే వేరు కుళ్లు ఖాయం.

పిలకలు విడదీయడం

రాపిస్‌లో ఆడ, మగ పూలు వేర్వేరు మొక్కలకు పూస్తాయి. ఒకే తల్లి గుబురు నుంచి పిలకలతో పెంచుకుంటూ వచ్చిన వరుసలో మొక్కలన్నీ ఒకే రకం కాబట్టి గింజ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. గింజ దొరికినా మొలక రావడానికి నెలలు పడుతుంది.

గుబురును కుండీ నుంచి తీసి, కలిసి ఉన్న మూడు నాలుగు కాండాలకు సొంత వేర్లు ఉండేలా పదునైన కత్తితో విడదీయాలి. ఒంటి పిలకను వేరు లేకుండా చీలిస్తే బతకడం కష్టం. వేర్ల చుట్టూ ఉన్న మట్టిని దులిపేయకూడదు. పాత మట్టంలోనే నాటాలి, లోతుగా పూడిస్తే వేర్లకు గాలి ఆడదు. విడదీసిన మొక్కలను కొత్త ఆకు విప్పేదాకా చిక్కని నీడలో ఉంచాలి. అప్పటిదాకా ఎరువు వేయొద్దు.

కుండీ మిశ్రమంలో ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలుపుకోవచ్చు. కోనసీమలో పొట్టుకు కొరత లేదు. అయితే అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు మంచినీటితో కడిగాకే వాడాలి. మరీ పెద్ద కుండీ ఎంచుకుంటే మొక్క వాడుకోని తేమ అడుగున నిలిచిపోతుంది. వేర్ల ముద్దకన్నా రెండంగుళాల వెడల్పు ఎక్కువుంటే చాలు. ముసురు రోజుల్లో కుండీ కింద పళ్లేలు తీసేయాలి.

ఆకు చెప్పే లోపాలు

కొత్త ఆకు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. మట్టి గట్టిపడినా, నీరు నిలిచినా ఈ లక్షణమే కనిపిస్తుంది కాబట్టి ముందు మురుగు పోయే దారి చూడాలి. ఆ తర్వాత లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది, 1 గ్రా. నిమ్మఉప్పు కలిపి, ముందుగా రెండు మూడు మొక్కల మీద పిచికారీ చేసి చూసుకోవాలి. పాత ఆకుల అంచులు పసుపు తిరిగి మధ్యభాగం పచ్చగా ఉంటే మెగ్నీషియం తక్కువైనట్టు.

పాత ఆకులపై పసుపు, నారింజ మచ్చలు వచ్చి కొసలు ఎండుతుంటే పొటాష్ లోపాన్ని అనుమానించాలి. ఇక్కడే చాలామంది కత్తెర పడతారు. పామ్ జాతి మొక్క పాత ఆకులోని పొటాష్‌ను లాగి కొత్త ఆకుకు ఇచ్చుకుంటుంది. సగం పచ్చగా ఉన్న ఆకును కోసేస్తే లోపం పై ఆకులకు పాకుతుంది. పూర్తిగా ఎండిన ఆకునే తీయాలి. పొటాష్ ఇచ్చేటప్పుడు మ్యూరేట్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ ఎంచుకుంటే క్లోరైడ్ వల్ల కొసలు మాడే బాధ ఉండదు.

కత్తెర విషయంలో ఇంకో జాగ్రత్త. పొడవైందని కాండం తల నరికితే పక్క నుంచి కొమ్మ రాదు. మొవ్వు పోతే ఆ కాండం పోయినట్టే. ఎత్తు తగ్గించాలంటే ఆ కాండాన్ని నేల మట్టానికి కోసి, కింది పిలకలకు చోటివ్వాలి.

పురుగుల బెడద

ఆకు అడుగున, కాండాన్ని చుట్టిన పీచు సందుల్లో పొలుసు పురుగు, పిండినల్లి దాక్కుంటాయి. వానలు ఎడమిచ్చిన పొడి రోజుల్లో ఎర్రనల్లి చేరుతుంది. ఆకుల అడుగును నీటి జల్లుతో కడగడం మొదటి మందు. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బుపొడి కలిపి సాయంత్రం పూట కొట్టాలి.

2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ తర్వాత గోదావరి జిల్లాలకూ పాకింది. కొబ్బరితో పాటు అలంకరణ పామ్‌లనూ అది వదలదు. దాన్ని అదుపు చేసే ఐసేరియా అనే మిత్ర శిలీంధ్రాన్ని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం పెంచుతోంది. లీటరుకు 5 గ్రా. చొప్పున, గాలిలో తేమ ఉన్న సాయంత్రాల్లో వాడితే బాగా పనిచేస్తుంది. ఘాటైన రసాయనాలు కొడితే తెల్లదోమను తినే మిత్రపురుగులే ముందు చస్తాయి.

అమ్మేవారికి, కొనేవారికి

గదిలో గాలిని శుద్ధి చేస్తుందని చెప్పి ఈ మొక్కను అమ్మడం పరిపాటి. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ తిరిగి లెక్కకట్టి, తలుపులు కిటికీలున్న ఇంట్లో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేల్చారు. ఆ మాట పక్కనపెట్టి, కుండీలో కాండాలెన్ని, వేరు పట్టిందా లేదా అన్నది చూసి బేరమాడుకోవడం ఇద్దరికీ మంచిది. కాండాన్ని పట్టుకుని మెల్లగా కదిపితే మట్టి నుంచి ఊగిపోయేది ఇంకా వేరు పట్టని పిలక.

అక్టోబరు తర్వాత చలి మొదలైతే ఎదుగుదల మందగిస్తుంది. అప్పటినుంచి ఎరువు ఆపి, పైమట్టి అంగుళం లోతు ఆరాకే నీరివ్వాలి. ఈ వానల్లో వీలుపడని విడదీత పనిని ఫిబ్రవరి చివరికి పెట్టుకోవచ్చు.