దెబ్బ తగిలితే కూలి పోవాల్సిందేనా?

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతం. ఒకప్పుడు ఇది కృష్ణా జిల్లా. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఇక్కడ పత్తి మిల్లులున్నాయి. సున్నపురాయి క్వారీలున్నాయి. సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. 2024 జూలై 7న జగ్గయ్యపేట మండలం బూదవాడ సిమెంటు ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. పలువురు కార్మికులు గాయపడ్డారు.

అంత పెద్ద ప్రమాదమైతే అందరికీ తెలుస్తుంది. ఒక్కరి చెయ్యి నలిగితే ఎవరికి తెలుస్తుంది? ఈ వదినా మరదళ్ళ మాటలు చదవండి.

"వదినా, చేతికి ఆ కట్టేంది?"

"మిల్లులో మిషన్ కింద పడి వేళ్ళు నలిగినయ్. నెల రోజులు పని చెయ్యొద్దన్నాడు డాక్టరు."

"మరి కూలి?"

"పని చెయ్యకుండా కూలి ఎవరిస్తారు? పొరపాటు నాదేనంట. మేస్త్రీ ఐదొందలు చేతిలో పెట్టాడు. ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నాడు."

మరదలు కాగితం అందుకుంది. కూడబలుక్కుంటూ చదివింది.

"'నేను ఇంట్లో పడ్డాను. మిల్లుకు సంబంధం లేదు' అని రాసుంది వదినా! వేలిముద్ర వేశావా?"

"ఇంకా లేదు."

"బతికించావు. వెయ్యకు. నీకు రావాల్సిన డబ్బు పోతుంది."

మరదలు చెప్పింది నిజమే. పనిలో దెబ్బ తగిలి కొన్నాళ్ళు పని చేయలేకపోవడాన్ని తాత్కాలిక అశక్తత అంటారు. ఆ రోజులకు డబ్బు పొందడం మన హక్కు. అది ఎవరి దయా కాదు. 1923లోనే దీనికి చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టం అమలులో ఉంది. చట్టం పేరు మారింది. హక్కు పోలేదు.

ఆ డబ్బు ఎవరిస్తారు? రెండు దారులున్నాయి.

మొదటిది ఇ.ఎస్.ఐ. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ఫ్యాక్టరీలకు ఇది ఉంటుంది. మన జీతంలో వందకు 75 పైసలు కోస్తారు. యజమాని కూడా తన వంతు కడతాడు. దెబ్బ తగిలితే కూలిలో నూటికి 90 రూపాయలు ఇ.ఎస్.ఐ. ఇస్తుంది. రోజుకూలి 300 అయితే 270 వస్తుంది. పనిలో చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా ఇస్తారు. వైద్యం ఉచితం. విజయవాడ గుణదలలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది.

రెండవది యజమాని. ఇ.ఎస్.ఐ. లేనిచోట, మూడు రోజులకు మించి పనికి పోలేకపోతే ఆయనే ఇవ్వాలి. నెల జీతంలో నాలుగో వంతు, పదిహేను రోజులకొకసారి ఇవ్వాలి. నెలకు 9,000 అయితే పదిహేను రోజులకు 2,250 రూపాయలు. వైద్యం ఖర్చు కూడా ఆయనదే. కాంట్రాక్టరు తప్పించుకుంటే పని చేయించుకున్న అసలు యజమానిని అడగవచ్చు.

"పొరపాటు నీదే" అంటే భయపడకండి. మామూలు పొరపాటు వల్ల హక్కు పోదు. తాగి పని చేస్తేనో, కావాలని రక్షణ నియమం మీరితేనో యజమాని ఇవ్వననవచ్చు.

దెబ్బ తగిలితే ఏం చేయాలి?

1. వెంటనే యజమానికి తెలపాలి. ప్రమాదాల పుస్తకంలో రాయించాలి.

2. పనిలో తగిలిన దెబ్బ అని డాక్టరుకు చెప్పాలి. చీటీలన్నీ దాచుకోవాలి.

3. తేదీ, వేళ, చూసినవాళ్ళ పేర్లు రాసి పెట్టుకోవాలి.

4. డబ్బు ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారికి అర్జీ పెట్టాలి. రెండేళ్ళు దాటనివ్వకూడదు.

5. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయకూడదు. వేలిముద్ర వేయకూడదు. తెల్లకాగితమైతే అసలే వద్దు.

వదిన ఆ కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

"పద, మిల్లుకు పోదాం. పుస్తకంలో రాయిద్దాం. ఏం రాశారో నువ్వు చదివి చెప్పు" అంది.

చర్చించండి: మీ ఊరిలో పనిలో దెబ్బ తగిలినవారు ఎవరున్నారు? వారికి ఏమైనా ముట్టిందా?

రాయండి: మీరు పనిచేసే చోటు పేరు, యజమాని పేరు, మీ రోజుకూలి.