తారీఖు చూశావా అక్కా?



జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపు ఊళ్ళలో దుబాయి మాట తెలియనివారు అరుదు. భర్తో, కొడుకో, తమ్ముడో అక్కడ పని చేస్తుంటారు. వాళ్ళ టికెట్టు మనం చదవగలగాలి. ఎందుకో వినండి.

మా కేంద్రానికి ఒక అక్క వస్తుంది. రెండేళ్ళ తర్వాత ఆమె భర్త ఇంటికి వస్తున్నాడు. టికెట్టు మీద "15వ తారీఖు, 03:00" అని ఉంది. అక్క 15 చూసింది. మూడు గంటలు చూసింది. ముందున్న సున్నను చూడలేదు. మధ్యాహ్నం మూడు అనుకుంది. 15న పొద్దున బస్సెక్కుదామనుకుంది.

ఇంకా తెల్లవారలేదు. ఫోను మోగింది.

"నేను దిగిన. మీరేడున్నరు?"

"పగటీలి మూడింటికి గదా విమానం!" అంది అక్క.

జగిత్యాల నుంచి హైదరాబాదుకు బస్సులో నాలుగైదు గంటలు. అక్క వెళ్ళేదాకా ఆయన సామాను పక్కన కూర్చున్నాడు.

వచ్చేటప్పుడు కాబట్టి ఎదురుచూపుతో పోయింది. వెళ్ళేటప్పుడైతే విమానం పోతుంది. టికెట్టు డబ్బూ పోవచ్చు.

గడియారం లెక్క

టికెట్టు మీద రోజుకు 24 గంటలు. అర్ధరాత్రి 00:00. తెల్లవారుజామున మూడు 03:00. మధ్యాహ్నం మూడు 15:00. గంట 12 దాటితే అందులోంచి 12 తీసేయండి. 22 లో 12 పోతే 10. అంటే రాత్రి పది. రైలు టికెట్టుకూ ఇదే లెక్క.

దూరం, కాలం

హైదరాబాదు నుంచి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. విమానానికి పట్టేది దాదాపు నాలుగు గంటలు. జగిత్యాల బస్సు హైదరాబాదు చేరేంత సేపట్లో విమానం దుబాయి చేరుతుంది!

దుబాయి మనకు పడమట ఉంది. పొద్దు ముందు మనకు పొడుస్తుంది, తర్వాత వాళ్ళకు. అందుకే వాళ్ళ గడియారం మనకంటే గంటన్నర వెనక.

ఇక్కడ 10:00 కు ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం. మనకు 14:00 అవుతుంది. దుబాయిలో అప్పుడు 12:30. టికెట్టు మీద అదే ఉంటుంది. రెండున్నర గంటలే అనుకోకండి.

వచ్చేటప్పుడు చూడండి. దుబాయిలో 14వ తారీఖు 22:00 కు బయలుదేరారు. మనకు అప్పుడు 23:30. ప్రయాణం మూడున్నర గంటలు. దిగేసరికి ఇక్కడ 03:00. అర్ధరాత్రి దాటింది. తారీఖు 15 అయింది!

రావడానికి కాస్త తక్కువ సేపు ఎందుకు? అంత ఎత్తున గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. వచ్చే విమానాన్ని ముందుకు తోస్తుంది.

గుర్తుంచుకోండి

అర్ధరాత్రి దాటాక ఉండే విమానానికి ముందు రోజు రాత్రే శంషాబాదు చేరాలి. తారీఖు, గంట రెండూ చదవాలి.

లెక్క చేయండి

1. టికెట్టు మీద 21:00 అని ఉంది. అంటే ఎన్ని గంటలు?
2. మనకు రాత్రి 9 గంటలు. దుబాయిలో ఎంత?
3. విమానం 20వ తారీఖు 01:30 కు. మూడు గంటల ముందు చేరాలి. ఏ తారీఖు, ఎన్నింటికి అక్కడ ఉండాలి?

జవాబులు: 1. రాత్రి 9. 2. రాత్రి 7:30. 3. 19వ తారీఖు రాత్రి 10:30.

మూడో లెక్క సరిగ్గా వచ్చిందా? ఇక మీ ఇంటి టికెట్టు మీరే చదవండి. పక్కింటి అక్కకూ చదివి చెప్పండి.